నిట్టింగ్ సూదులు, క్రోషా హుక్కులకు గుడ్డ రోల్: కొలత దగ్గర్నుంచి చివరి కుట్టు దాకా

నా సూదులు, హుక్కులు ఒక గుడ్డ రోల్‌లో పెట్టుకుంటాను: ఒక్కో హుక్కుకు, ఒక్కో సూదుల జతకు ఒక్కో అర కుట్టిన గుడ్డ, చుట్టి నాడాతో కట్టేయొచ్చు. అది చూసి "ఆ రోల్ కొలతలు పంపండి" అని అడిగినవాళ్లందరికీ ఇన్నాళ్లూ కొలతలే పంపాను. తప్పు నాదే. నా కొలతలతో కుట్టుకున్న ఒకావిడ హుక్కులు రబ్బరు పిడివి, అరల్లో దూరలేదు. ఇంకొకావిడ సూదులు పొట్టివి, జేబులో మునిగిపోయి వేలితో తవ్వి తీసుకోవాల్సి వచ్చింది. ఈ రోల్ కూడా జాకెట్ లాంటిదే. ఒకరి కొలతకు కుట్టింది ఇంకొకరికి సరిపోదు. అందుకే ఈసారి కొలతలు ఎలా వచ్చాయో కూడా చెబుతున్నాను. నా అంకెలు ఉదాహరణకు మాత్రమే, వాటి స్థానంలో మీవి వేసుకోండి.

మిషన్ మీద తిన్నగా కుట్టడం వస్తే చాలు. జిప్పు లేదు, గుండీ లేదు. కత్తిరింపు ఒక సాయంత్రం, కుట్టడం మరుసటి రోజు పెట్టుకుంటే హడావిడి ఉండదు.

1. ముందు మీ దగ్గర ఏమున్నాయో పరచండి

ఉన్న సూదులు, హుక్కులు అన్నీ తెచ్చి మంచం మీద వరసగా పెట్టండి. డ్రాయర్లో అడుగున ఉన్నవి, ఊలు ఉండలో గుచ్చి మరిచిపోయినవి కూడా. సన్నం నుంచి లావుకు వరస పెట్టండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన అంగళ్లలో దొరికే నిట్టింగ్ సూదుల మీద చాలావరకు పాత బ్రిటిష్ నంబర్లు ఉంటాయి. ఆ లెక్కలో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, 10వ నంబర్ అంటే 3.25 మాత్రమే. ఆన్‌లైన్లో కొన్నవాటి మీద మిల్లీమీటర్లు ఉంటాయి. రెండూ కలిపి నంబర్ ప్రకారం సర్దితే వరస తలకిందులవుతుంది. అన్నింటినీ మిల్లీమీటర్లలోకి మార్చి కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితం మీదే ఇవి కూడా రాయండి:

- అన్నిటికంటే పొడుగు సూది ఎన్ని అంగుళాలు, తల గుండుతో సహా
- హుక్కుల పొడవు, సాధారణంగా 6 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది
- సన్నటి స్టీలు హుక్కులు ఎన్ని, పిడి ఉన్నవి ఎన్ని
- సూదులు ఎన్ని జతలు, ఏ లావువి
- వైరు ఉన్న సర్క్యులర్ సూదులు ఎన్ని
- కత్తెర, టేపు, ఊలు సూది లాంటి చిల్లర సామాను

ఇక అర వెడల్పు. ఒక సన్నటి కాగితం పట్టీని హుక్కు పిడి చుట్టూ, సూదులైతే జత మొత్తం చుట్టూ ఒక చుట్టు చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టండి. పట్టీ విప్పి ఆ పొడవులో సగం తీసుకుని దానికి పావు అంగుళం కలపండి. అదే మీ అర వెడల్పు. నాకు వచ్చిన లెక్కలు, కొంచెం సడలింపు ఇచ్చి:

- సన్నటి స్టీలు హుక్కు: ¾ అంగుళం
- రబ్బరు పిడి హుక్కు: 1 అంగుళం
- 4 మి.మీ. దాకా సూదుల జత: 1 అంగుళం
- 4.5 నుంచి 6.5 మి.మీ. జత: 1¼ అంగుళం
- 7 నుంచి 10 మి.మీ. జత: 1¾ అంగుళం

కాగితం చుట్టే ఓపిక లేక కంటి అంచనాతో గీసేవాళ్లే ఎక్కువ. కుట్లు విప్పుకునేదీ వాళ్లే.

2. నా లెక్క, మీరు చేయాల్సిన లెక్క

నా పొడుగు సూది 14 అంగుళాలు. దానికి పైన 2 అంగుళాల ఖాళీ, అంటే రోల్ ఎత్తు 16. ఆ పైన కిందికి మడిచే మూత 5 అంగుళాలు. మొత్తం 21. మూత మడిస్తే సూదుల తలలు 3 అంగుళాల మేర దాని కింద ఉంటాయి. తలకిందులు చేసినా జారవు.

వెడల్పు: స్టీలు హుక్కులు 6 (4½ అంగుళాలు), పిడి హుక్కులు 8 (8 అంగుళాలు), సన్న సూదులు 5 జతలు (5 అంగుళాలు), లావు సూదులు 2 జతలు (2½ అంగుళాలు), కత్తెరకు 3 అంగుళాల అర. కలిపితే 23. రెండు పక్కలా ½ అంగుళం చొప్పున ఖాళీ వదిలితే 24. మీ సూత్రం:

- ఎత్తు = పొడుగు సూది + 2 + 5
- వెడల్పు = అరల మొత్తం + 1
- కత్తిరించేటప్పుడు రెంటికీ 1 అంగుళం కలపాలి (కుట్టుకు అన్ని వైపులా ½)

పొట్టి హుక్కుల్ని పొడుగు సూదుల పక్కనే అడుగున పెడితే మూత వాటి దాకా రాదు. నా మొదటి రోల్ ఇలాగే ఉండేది. తిరుమల నుంచి కిందికి వస్తుంటే ఘాట్ రోడ్డు మలుపులో సంచి ఒరిగి, నాలుగు స్టీలు హుక్కులు బస్సు సీట్ల కిందికి దొర్లాయి. మూడే దొరికాయి. అందుకే ఇప్పుడు హుక్కుల జేబును పైకి జరిపి, వాటి తలలు సూదుల తలలకు దాదాపు సమంగా వచ్చేలా కుడుతున్నాను. దాని కింద మిగిలిన చోటు సర్క్యులర్ సూదులకు పెద్ద జేబవుతుంది.

3. గుడ్డ, సామాన్లు

పై గుడ్డకు మందపాటి కాటన్ కావాలి. మన దగ్గర శ్రీకాళహస్తి కలంకారి మీదికే మనసు పోతుంది, తప్పు లేదు. కానీ చేత్తో వేసిన ఖరీదైన ముక్కను దీనికోసం కోయకండి. రోజూ చుట్టి విప్పే వస్తువు ఇది, మడతల దగ్గర త్వరగా అరిగిపోతుంది. అచ్చు వేసిన కలంకారి మీటరు గుడ్డ సరిపోతుంది. పాత జీన్స్, మందపాటి కర్టెన్ గుడ్డ కూడా బాగుంటాయి.

లోపలికి బొమ్మల్లేని లేతరంగు కాటన్ తీసుకోండి. నగరి వైపు మరమగ్గాల మీద నేసే గట్టి కాటన్ లాంటిదైతే మంచిది. ముదురు రంగు మీద సన్నటి హుక్కులు కనపడవు. జాకెట్ లైనింగ్ గుడ్డ వద్దు, సూది మొనలు నెలలోపే బయటికి వస్తాయి. సిల్కు, శాటిన్ అసలే వద్దు. సూదులూ నున్నన, గుడ్డా నున్నన, ఇక నిలిచేదేముంది?

- పై గుడ్డ: ముప్పావు మీటరు
- లోపలి గుడ్డ: 44 అంగుళాల పన్నాలో 1 మీటరు
- ఇస్త్రీతో అంటుకునే మెత్తటి కాన్వాస్: అర మీటరు. కాలరుకు వేసే గట్టిది తెస్తే రోల్ చుట్టుకోదు
- పాత జీన్స్ పట్టీ: 24 అంగుళాల పొడవు, 1½ వెడల్పు
- నాడా: ½ లేదా ¾ అంగుళం వెడల్పుది, 1 మీటరు
- పాలియెస్టర్ దారం, 16వ నంబర్ మిషన్ సూది, గుండుసూదులు, చాక్, స్కేలు

4. తడిపి, ఆరేసి, ఆ తర్వాతే కత్తెర

రెండు గుడ్డల్నీ విడివిడిగా రెండు గంటలు నీళ్లలో నానబెట్టి, పిండి, నీడలో ఆరేయండి. కాటన్ మొదటి తడికి కుదించుకుపోతుంది. కుట్టాక తడిపితే అరలు బిగుసుకుంటాయి. కలంకారి అయితే తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటితే మళ్లీ తడపాలి, లేకపోతే ఆ ఎరుపంతా లేతరంగు లోపలి గుడ్డ మీదికి దిగుతుంది.

ఇస్త్రీ చేశాక నా లెక్కలో కత్తిరించాల్సిన ముక్కలు ఇవి (వెడల్పు × ఎత్తు):

- పై గుడ్డ: 25 × 22
- లోపలి గుడ్డ: 25 × 22
- పెద్ద జేబు (సూదులకు, కత్తెరకు): 25 × 17
- చిన్న జేబు (హుక్కులకు): 14 × 9
- కాన్వాస్: 24 × 15½

ఒక మీటరు లోపలి గుడ్డలో మూడు ముక్కలూ రావాలంటే పెద్ద జేబు ముక్కను అడ్డంగా తిప్పి వేసుకోవాలి. చారల గుడ్డ అయితే ఇంకో పావు మీటరు ఎక్కువ తీసుకోండి.

కాన్వాస్‌ను పై గుడ్డ ఉల్టా వైపు వేయాలి. కింది అంచు నుంచి, రెండు పక్కల నుంచి ½ అంగుళం వదిలి, జిగురు వైపు గుడ్డకు ఆనించి, పైన తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో అదమండి. రుద్దకూడదు. రుద్దితే గుడ్డ సాగి బుడగలొస్తాయి. ఒక్కో చోట 10, 12 సెకన్లు ఆపి, ఎత్తి పక్కన పెట్టండి. మూత వచ్చే పైభాగానికి కాన్వాస్ ఉండదు, అక్కడ మెత్తగా మడవాలి కదా.

5. పెద్ద జేబు

ముందు జీన్స్ పట్టీ. లోపలి గుడ్డ మంచి వైపు, కింది అంచు నుంచి ½ అంగుళం పైన పట్టీని పరిచి, పై అంచునా కింది అంచునా కుట్టేయండి. సూది మొనలు ఆనేది ఈ పట్టీకే. సూదుల్ని తల పైకి, మొన కిందికి పెడతాం. నంబర్ చాలాసార్లు తల గుండు మీదే ఉంటుంది కాబట్టి వెతుక్కునే పని ఉండదు.

పెద్ద జేబు ముక్కను ఉల్టా వైపు లోపలికి వచ్చేలా సగానికి మడిస్తే 25 × 8½ వస్తుంది. మడతను బాగా ఇస్త్రీ చేసి, మడతకు పావు అంగుళం కింద ఒక కుట్టు వేయండి. రేపు అరల నోళ్లు సాగకుండా కాపాడేది ఈ కుట్టే.

దీన్ని లోపలి గుడ్డ మీద, జీన్స్ పట్టీ కప్పేలా, కింది అంచులు సమంగా ఉండేలా పరచండి. మడత పైకి ఉండాలి. కింద, రెండు పక్కలా అంచుకు పావు అంగుళంలో పొడుగు టాకాలు వేయండి. ఇవి తాత్కాలికమే, తర్వాతి కుట్టులో కలిసిపోతాయి.

6. చిన్న జేబు

14 × 9 ముక్కను మంచి వైపులు లోపలికి వచ్చేలా మడిస్తే 14 × 4½ అవుతుంది. పొడుగు అంచు, కుడి పక్క అంచు ½ అంగుళంలో కుట్టండి. ఎడమ పక్క కుట్టకండి, అక్కడి నుంచే మంచి వైపుకు తిప్పుతాం. తిప్పి, మూలను పెన్సిల్ వెనక్కొనతో పొడిచి, ఇస్త్రీ చేస్తే 13½ × 4 ముక్క వస్తుంది. మడత ఉన్న పై అంచున ఒక కుట్టు.

లోపలి గుడ్డ కింది అంచు నుంచి 9 అంగుళాల ఎత్తులో చాక్‌తో గీత గీయండి. చిన్న జేబు అడుగు ఆ గీత మీద, ఎడమ అంచు లోపలి గుడ్డ ఎడమ అంచుతో సమంగా. పెద్ద జేబు నోటికీ దీనికీ మధ్య ½ అంగుళం సందు ఉంటుంది. అడుగున, కుడి పక్కన కుట్టండి. కింది పెద్ద జేబు ఇందులో చిక్కుకోకుండా చూసుకోండి. చిక్కితే సర్క్యులర్ సూదులకు దారి ఉండదు.

7. అరల గీతలు

రోల్ బాగుండటం, బాగుండకపోవడం ఇక్కడే తేలుతుంది.

గీతలన్నీ ముందే గీసేయండి. ఒకటి కుట్టి, దాని నుంచి కొలిచి ఇంకొకటి గీస్తే ప్రతిసారీ దారమంత తేడా వస్తుంది. పద్నాలుగు గీతలకు అది అర అంగుళమై కూర్చుంటుంది. టేపును ఎడమ అంచున పెట్టి, కదల్చకుండా గుర్తులన్నీ ఒకేసారి పెట్టండి. నావి ఎడమ అంచు నుంచి:

- చిన్న జేబు: 1 అంగుళం దగ్గర మొదటి గీత. అక్కడి నుంచి ¾ చొప్పున ఆరు అరలు, 5½ దాకా. తర్వాత 1 చొప్పున ఎనిమిది, 13½ దాకా. ఆ చివరి గీత జేబు కుడి అంచే
- పెద్ద జేబు: 13½ దగ్గర మొదటి గీత. 1 చొప్పున ఐదు, 18½ దాకా. 1¼ చొప్పున రెండు, 21 దాకా. తర్వాత 24 దాకా కత్తెర అర
- పెద్ద జేబులో చిన్న జేబు కింద ఉన్న భాగం: మధ్యలో, 7 అంగుళాల దగ్గర ఒకే గీత

గీతకు రెండు పక్కలా గుండుసూదులు గుచ్చి, అడుగు నుంచి నోటి వైపు కుట్టండి. నోటి నుంచి కిందికి కుడితే గుడ్డ తోసుకొచ్చి అడుగున ముడత పడుతుంది. నోటి దగ్గర రివర్స్ కుట్టు రెండు సార్లు వేయండి. సూది పెట్టిన ప్రతిసారీ బరువు పడేది అక్కడే.

ఇదంతా లోపలి గుడ్డ మీదే జరుగుతోందని గమనించండి, పై గుడ్డ ఇంకా కలపలేదు. రెండూ కలిపాక అరలు కుడితే కలంకారి మీద జైలు ఊచల్లా గీతలు పడతాయి.

మొదటి రెండు అరలు కుట్టగానే ఆగి, హుక్కు పెట్టి చూడండి. బిగువుగా ఉంటే రెండు గీతలు విప్పడంతో పోతుంది.

8 మిల్లీమీటర్లు దాటిన లావు సూదులు మీ దగ్గర ఎక్కువుంటే జేబు ముక్కను ఒక్కో అరకు ½ అంగుళం ఎక్కువ కత్తిరించి, ఆ ఎక్కువను అర అడుగున చిన్న కుచ్చుగా మడిచి కుట్టండి. లేకపోతే రోల్ మొత్తం ముందుకు వంగుతుంది.

8. నాడా

రోల్‌ను బరువైన కత్తెర వైపు నుంచి, అంటే కుడి నుంచి చుట్టుకుంటూ వస్తాం. కాబట్టి నాడా ఎడమ అంచున ఉండాలి. పై గుడ్డను విడిగా పరిచి "ఎడమ" అని నాడా కుట్టాననుకోండి, తిప్పగానే అది కుడికి వెళుతుంది. నేను రెండుసార్లు ఇలాగే చేశాను, రెండోసారి బాగా గుర్తుపెట్టుకుని మరీ.

ఆలోచించే పనే లేకుండా చేయండి. జేబులు కుట్టిన లోపలి గుడ్డను జేబులు పైకి ఉండేలా బల్ల మీద పరచండి. మీటరు నాడాను సగానికి మడిచి, మడతను ఎడమ అంచున, రెండు జేబుల మధ్య సందులో పెట్టి టాకా వేయండి. తోకలు రెండూ లోపలికి, గుడ్డ మధ్యకు. వాటిని చుట్టగా చుట్టి గుండుసూది గుచ్చండి, లేకపోతే పక్క కుట్టులో పడతాయి.

9. కలపడం, తిప్పడం

పై గుడ్డను దాని మీద బోర్లా పరచండి. మంచి వైపులు ఎదురెదురుగా, కాన్వాస్ మీకు కనపడేలా. కాన్వాస్ వేసిన అంచు జేబుల అడుగు వైపే ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మూత అంచున, అంటే అన్నిటికంటే పైన, మధ్యలో 5 అంగుళాలు వదిలి చుట్టూ ½ అంగుళంలో కుట్టండి. తిప్పడానికి సందు అడుగున వదలకండి. సూదుల బరువంతా ఆ సందు మూసే కుట్టు మీద పడుతుంది.

అడుగున ఆరు పొరలు దాకా ఉంటాయి. చిన్న మిషన్ అక్కడ మొరాయిస్తుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచి, మందం దగ్గర మోటారు వదిలేసి చక్రం చేత్తో తిప్పండి. అప్పటికీ కదలకపోతే ఆ అంచును పాతగుడ్డలో చుట్టి పచ్చడి బండతో నాలుగు దెబ్బలు వేయండి, పొరలు అణుగుతాయి. మా ఇంట్లో ఈ చప్పుడు వినపడితే అల్లం దంచుతున్నానో రోల్ కుడుతున్నానో ఎవరికీ తెలియదు.

మూలల్ని కుట్టుకు దగ్గరగా ఏటవాలుగా కత్తిరించి, సందులోంచి మంచి వైపుకు తిప్పండి. మూలలు తీసి, ఇస్త్రీ చేసి, సందు అంచుల్ని లోపలికి మడిచి పిన్ను పెట్టండి.

10. చివరి కుట్లు, పరీక్ష

చుట్టూ అంచుకు దగ్గరగా ఒక కుట్టు వేయండి, సందు దాంతోనే మూసుకుపోతుంది. అడుగున మాత్రం పావు అంగుళం లోపల రెండో కుట్టు. తర్వాత కింది నుంచి 16 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక గీత కుట్టండి. ఇది మూత మడత. ఈ గీత వల్లే రెండు గుడ్డలూ నడుమ జారవు, మూత ప్రతిసారీ ఒకే చోట మడుస్తుంది.

అన్నీ సర్ది, మూత మడిచి, చుట్టి, కట్టి చూడండి:

- తలకిందులుగా పట్టుకుని నాలుగుసార్లు ఊపితే ఏదీ జారకూడదు
- అడుగును అరచేత్తో తడిమితే మొన గుచ్చుకోకూడదు
- ఒక చేత్తో జేబు పట్టుకుని ఇంకో చేత్తో హుక్కు సులువుగా లాగగలగాలి
- నాడా ముడి వేశాక ఒక్కో తోక జానెడైనా మిగలాలి

11. తప్పులు, సర్దుబాట్లు

అర వదులై హుక్కు ఊగుతోందా? పాత కుట్టుకు ఒక నూలు పోగు దూరంలో ఇంకో కుట్టు వేస్తే బిగుస్తుంది, విప్పక్కర్లేదు. ఇప్పటికే కలిపేసి ఉంటే చేత్తో కుట్టండి, పై గుడ్డను తాకకుండా.

బిగువైతే వేరే దారి లేదు. ఆ గీత విప్పి రెండు అరల్ని ఒకటి చేసి, లావు హుక్కు అందులో పెట్టండి.

మొన బయటికొచ్చిందా? ఆ అర అడుగున వేలెడంత జీన్స్ ముక్కను మడిచి దూర్చి నాలుగు చేతికుట్లు వేయండి.

రోల్ పీపాలా లావైతే కత్తెర తీసేయండి. సగం సార్లు దోషం కత్తెరదే.

మూత లేచి నిలబడుతోందంటే కాన్వాస్ 16 అంగుళాలు దాటి పైకి వెళ్లి ఉంటుంది. మడత గీతను అర అంగుళం పైకి జరిపి మళ్లీ కుట్టడం ఒక్కటే ఉపాయం.

12. టైలర్ దగ్గర కుట్టిస్తే

మిషన్ లేనివాళ్లు గీతలు గీసి, ముక్కలు కత్తిరించి, వరస కాగితం మీద రాసి ఇవ్వండి. మా వీధిలో టైలర్‌కు మొదటిసారి ఇచ్చినప్పుడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందక్కా, పిల్లనగ్రోవులకా?" అన్నాడు. ఒక హుక్కు, ఒక జత సూదులు చేతిలో పెట్టాక అర్థమైంది. అవి కూడా ఇచ్చి రండి. అరలు ముందు, పై గుడ్డ తర్వాత అని రెండుసార్లు చెప్పండి. వాళ్లకు అన్నీ కలిపి ఒకేసారి లాగించేయడం అలవాటు.

13. వాడకం

ఉతకాలంటే అన్నీ ఖాళీ చేసి, చల్లనీళ్లలో చేత్తో ఉతికి, మెలిపెట్టి పిండకుండా నీడలో పరిచి ఆరేయండి. పిండితే కాన్వాస్ ఊడి లోపల ముద్ద కడుతుంది. నవంబరు వానల్లో పైకి ఆరినట్టే ఉన్నా జీన్స్ పట్టీ దగ్గర తడి మిగులుతుంది. ఆ తడికి స్టీలు హుక్కులు తుప్పు పడతాయి, తుప్పు మరక మీరు అల్లే తెల్లదారానికి అంటుకుంటుంది. ఇంకో రోజు ఆరనిచ్చి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి కత్తెర అరలో పడేసి, అప్పుడు సర్దుకోండి.